ఆరో డబ్బా, ఏడో డబ్బా

ఆ ఆదివారం ఆపరేటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేవకముందే లేవాలి. టీవీ కింద అరలో ఉన్న పెట్టెలోంచి ఐదో డిస్కు తీసి దాచెయ్యాలి. దాని గూట్లో మూడో డిస్కు పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి పెట్టె తెరిచి, "అరెరే, కంపెనీవాడు ఎంత పని చేశాడు! చూసిన సినిమానే మళ్ళీ పెట్టాడే!" అని నోరు వెళ్ళబెట్టాలి. అంతే. మూడు నిమిషాల పని. అలా చేస్తే మూడో గూడు ఖాళీగా కనిపిస్తుందన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. అబద్ధాలాడి అలవాటు లేని మనిషి. జన్మలో ఒక్కటే అబద్ధం ఆడాడు. దాన్ని కప్పిపెట్టడానికే ఈ తిప్పలన్నీ.

ఆయన్ని అందరూ ఆపరేటర్ అనే పిలుస్తారు. ముప్పై రెండేళ్ళు ఒకే సినిమా హాల్లో బొమ్మ వేశాడు. ఆ హాలు కూల్చేసి పన్నెండేళ్ళయింది. అక్కడిప్పుడు చెప్పుల నుంచి ఫ్రిజ్జుల దాకా అమ్మే నాలుగంతస్తుల కొట్టు ఉంది. పిలుపు మాత్రం మారలేదు. ఆయన భార్య అదే హాల్లో టార్చిలైటు పట్టుకుని చీకట్లో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టేది. ఆవిడ టార్చమ్మ. సినిమా అంటే తెర మీద ఎగిరేవాడు ఒక్కడే అనుకుంటుంది లోకం. బొమ్మ వేసేవాడి పేరు ఏ పోస్టరు మీదా ఉండదు. చీకట్లో దారి చూపేదాని మొహం ఎవడికీ గుర్తుండదు. ఆ ఇద్దరికీ పెళ్ళయి ఇవాళ్టికి నలభై ఏళ్ళు.

కూతురు లిఫ్టు మెకానిక్. అమ్మానాన్నలకు కానుకగా ఐదు డిస్కుల పెట్టె కొనిచ్చింది. ఐదూ ఒకే హాలీవుడ్ హీరోవి. నలుపు తెలుపు బొమ్మల కాలం నాటివాడు. పొడుగ్గా, పల్చగా ఉంటాడు. ఎప్పుడూ నెత్తిన ఓ టోపీ, ఆడవాళ్ళు ఎదురైతే దాన్ని ఒక్క వేలితో కాస్త పైకెత్తడం. ఇంగ్లీషు పేరు నోరు తిరక్క అప్పట్లో ఊరంతా టోపీ హీరో అనేది. పేరు తిరగకపోయినా ఆయన సినిమా వస్తే గోడలెక్కి దూకి మరీ చూసేది.

వారానికొకటి చొప్పున నాలుగు ఆదివారాలు నాలుగు సినిమాలు చూశారు. ఇద్దరూ ఆ సినిమాలు వందలసార్లు చూసినవాళ్ళే. ఇద్దరూ ఒక్కటీ సరిగ్గా చూడనివాళ్ళే. జనాన్ని కూర్చోబెట్టే పనిలో టార్చమ్మకు ఏ సినిమాకూ మొదటి పావుగంట తెలియదు. "ఓహో, ఈ ముసలాయన ఆ పిల్ల నాన్నా! ఇన్నేళ్ళూ ఇంటి ఓనరనుకున్నానే!" అని రెండో ఆదివారం బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆపరేటర్‌ది ఇంకో కథ. మిషను రొద పక్కన నిలబడి, గోడకున్న జానెడు కిటికీలోంచి చూసినవాడు. టోపీ హీరో గొంతు తిన్నగా వినడం ఆయనకిదే మొదలు. "ఇంత పీలగా ఉంటుందా వీడి గొంతు! చూస్తే సింహంలా ఉంటాడు కదే!" అని ఓ పూటంతా దిగులు పెట్టుకున్నాడు.

దానికి తోడు చుక్క. సినిమా ఏడు రీళ్ళుగా ఏడు డబ్బాల్లో వచ్చేది. ఒక రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క మెరవగానే ఇది మూసి అది తెరవాలి. జనం ఆ చుక్కను చూడరు, ఆపరేటర్ చుక్క తప్ప ఇంకోటి చూడడు. ఆ చుక్కలు ఈ డిస్కుల్లోకి కూడా అలాగే దిగిపోయాయి. ఇరవై నిమిషాలకోసారి ఆయన కుర్చీలోంచి స్ప్రింగులా లేచేవాడు. "కూర్చోవయ్యా, ఇక్కడ రెండో మిషను లేదు," అని టార్చమ్మ చొక్కా పట్టి లాగేది. ఇరవై నిమిషాలకు మళ్ళీ లేచేవాడు.

ఇక మిగిలింది ఐదోది. రైలు సినిమా. పెళ్ళిరోజుకని టార్చమ్మే దాన్ని చివరికి ఉంచింది.

ఆ సినిమా కథ తేలిక. హీరో తోట గేటు తోసుకుని వస్తాడు. అమ్మాయి పరిగెత్తుకొస్తుంది. వాన పడుతుంది. తన టోపీ తీసి ఆమె నెత్తిన పెడతాడు. ఇది ఆరో రీలు. తర్వాత ఉత్త తలతో రైలెక్కి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. ఇది ఏడో రీలు. సమాప్తం.

ఆ ఊరు చూసింది ఈ కథ కాదు.

మొదటి రోజు మొదటి ఆటకు ఆపరేటర్ డబ్బా మూత మీద నంబరు చూసి రీళ్ళు ఎక్కించాడు. రీలు మొదట్లో ఉండే నంబరు కూడా చూసుకోవాలన్నది నియమం. ఆ రోజు చూసుకోలేదు. టార్చమ్మ, అప్పటికింకా అమ్మ కాదు, పాతికేళ్ళ పిల్ల, టీ గ్లాసు పట్టుకుని మిషను గది గుమ్మంలో నిలబడి నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ తర్వాత హాల్లోకి దిగిపోయింది. ఆరో డబ్బాలో రీలు ఆడుతోంది. ఆయన చుక్క కోసం చూస్తున్నాడు. చుక్క రాలేదు. రైలు కదిలిపోయింది, ప్లాట్‌ఫారం మీద ఆ అమ్మాయి ఒక్కతే మిగిలింది, కింది నుంచి సమాప్తం అనే ఇంగ్లీషు అక్షరాలు లేవబోతున్నాయి. పక్క మిషను మీద ఇంకో రీలు నిండుగా కూర్చుని ఉంది! ఏం చెయ్యాలో తోచక ఆయన మిషను అద్దం ముందు అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. హాలంతా చీకటి. ఈలలు పడేలోగా రెండో మిషను వేశాడు. తెర మీద తోట. గేటు తోసుకుని టోపీ హీరో నడిచొచ్చాడు.

హాలు హాలంతా లేచి నిలబడింది. వెళ్ళినవాడు తిరిగొచ్చాడు! ఇంగ్లీషు ఒక్కడికీ రాదు కనక ఒక్కడికీ అనుమానం రాలేదు. హాలు యజమాని మెట్లెక్కి వచ్చి, తానే ఆ సినిమా తీసినట్టు మీసం తిప్పి, "ఏం బొమ్మ తెచ్చాన్రా!" అని ఆపరేటర్ వీపు చరిచి పోయాడు. రెండో ఆటకు సరిచెయ్యొచ్చు. చేద్దామనే అనుకున్నాడు. కానీ కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల తలుపు దగ్గర టార్చి ఆర్పడం కూడా మరిచిపోయి కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుస్తూ నవ్వుతోంది. ఆ మొహం చూశాక ఆయనకు చేతులు రాలేదు. సమాప్తం ముక్క కత్తిరించి తోట చివర అతికించాడు. ఏడు వారాలు, రోజుకు మూడు ఆటలు, అలాగే వేశాడు.

సినిమా ఎత్తేసిన మర్నాడు బొమ్మ వేసే లైసెన్సు శిక్షణకని ఆయనే రైలెక్కాడు. ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లలో ఆమెకు రెండు సంబంధాలొచ్చాయి. రెండూ కాదంది. ఆయన తిరిగొచ్చాడు, అదీ నెత్తిన ఓ కొత్త టోపీతో. పెళ్ళయింది. అప్పట్నుంచి ఇంట్లో ఏ గొడవ జరిగినా టార్చమ్మ చివరి మాట ఒకటే: "ఆ రైలు సినిమా చూడకపోతే నీ కోసం ఆర్నెల్లు కూర్చునేదాన్నా?" ఆ మాట వినగానే ఆపరేటర్ కిక్కురుమనకుండా పక్క గదిలోకి పోయేవాడు. తన కాపురమంతా తారుమారైన రెండు డబ్బాల మీద నిలబడి ఉందని ఆయనొక్కడికే తెలుసు. ఇవాళ నాలుగింటికి అసలు ముగింపు చూస్తే టార్చమ్మ ఏమంటుంది? నలభై ఏళ్ళు మోసపోయానంటుంది. ఇంకేమంటుంది!

*

ఐదో డిస్కు బనీనులోకి దూర్చుకునేసరికి వెనక అడుగుల చప్పుడైంది.

"ఏం చేస్తున్నావయ్యా పొద్దున్నే?"

"దుమ్ము దులుపుతున్నా."

నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఆయన దులిపిన దుమ్ము లేదు. మామూలు రోజైతే టార్చమ్మ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేది. ఇవాళ ఏమీ అడగలేదు. కిటికీ వైపు చూస్తూ, "ఇవాళ సినిమా వద్దులేవయ్యా. తల పట్టేసినట్టుంది," అంది.

ఆపరేటర్ నెత్తిన పాలు పోసినట్టయింది. అక్కడితో నోరు మూసుకుంటే ఈ కథ లేదు. సంతోషం పట్టలేక ఇంకో కారణం తగిలించాడు. "అవునవును. నాకూ కళ్ళు లాగుతున్నాయి. ఆ చిన్న టీవీలో ఏం కనబడి చస్తుంది!"

అప్పుడే తలుపు తోసుకుని కూతురు వచ్చింది. ఆ భవనంలోనే కింది అంతస్తులో ఉంటుంది. "కళ్ళు లాగుతున్నాయా? ఎన్నాళ్ళ నుంచి నాన్నా? అందుకేనా సినిమా మధ్యలో లేచి లేచి చూస్తున్నావ్! నేనింకా మోకాళ్ళనుకున్నా!"

"అబ్బే, అంత లేదమ్మా..."

"నువ్వు మాట్లాడకు. నేనుండగా చిన్న టీవీ ఏంటి?" అని వచ్చిన కాలు వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఆ పిల్లకు పాడైనది కనిపిస్తే బాగుచెయ్యకుండా ఉండలేని జబ్బు. తల్లి వంటింట్లోకి, తర్వాత స్నానానికి వెళ్ళింది. సందు చూసుకుని ఆపరేటర్ డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి వంటింట్లో పెద్ద పిండి డబ్బాలో మోచేతి లోతున కుక్కాడు. పదింటికల్లా కూతురు తన ఆఫీసు ట్రైనింగు గదిలోంచి ప్రొజెక్టరు అరువు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో. గోడంత బొమ్మ. అమ్మా, తలనొప్పికి మాత్ర వేసుకున్నావా?"

టార్చమ్మ ఆ యంత్రాన్ని పాముని చూసినట్టు చూసింది. "ఇంత పెద్ద బొమ్మ ముందు ఇద్దరం కూర్చుంటే ఏం బాగుంటుందే? జనం లేని హాల్లా భోరుమంటుంది. పోనీ పిలుద్దామంటే మా గేటన్నయ్య కూడా ఊళ్ళో లేకపాయె. ఇంకోసారి చూద్దాంలే."

గేటన్నయ్య అంటే ఆ హాల్లో టికెట్లు చించి లోపలికి పంపినవాడు. టార్చమ్మను చెల్లెమ్మా అంటాడు కనక ఆపరేటర్‌ను బావా అంటాడు. రైలు సినిమా అంటే చెవి కోసుకుంటాడు. రైలెక్కేటప్పుడు లేని టోపీ తిరిగొచ్చేటప్పుడు ఎలా వచ్చిందని ఎవడైనా అడిగితే, "అదీ కథంటే! ఊరెళ్ళి చెమటోడ్చి కొత్త టోపీ కొనుక్కొచ్చాడ్రా! కష్టపడ్డవాడి టోపీ అది!" అని నలభై ఏళ్ళుగా ఊరికి వివరిస్తున్నాడు. కూతురు ఫోన్ చేసింది. ఆయన నిన్ననే వచ్చేశాడు.

"జనం కావాలందా మా చెల్లెమ్మ? నేను చచ్చానా!" అని ఫోన్లో అరిచిన అరుపు వంటింటి దాకా వినబడింది. గంటలో వచ్చి వాలాడు. హాలు కూల్చేటప్పుడు దక్కించుకున్న ఇత్తడి గంట ఒక చేత్తో, పేర్ల కాగితం ఇంకో చేత్తో. "ముప్పై మందికి చెప్పా బావా. టీ కొట్టాయన, మంగలాయన కుటుంబం, మన పోస్టర్లు అంటించినాయన, బాల్కనీ వాళ్ళు, నేల క్లాసు వాళ్ళు, అందరూ వస్తున్నారు!"

"ముప్పై మందా! ఈ గదిలో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు కిటికీలో కూర్చోవాలి! కుదరదు బావా, కుదరదు!" అని ఆపరేటర్ ఆశగా అరిచాడు.

"అంతేగా! కింద బళ్ళు పెట్టుకునే సెల్లారు ఉందిగా నాన్నా. పట్టపగలు కూడా చీకటే. తాళం నా దగ్గరే ఉంది."

వాళ్ళు ఒక్కో సాకు చెప్పేకొద్దీ ఆ సినిమా ఒక్కో అంతస్తు పెరిగింది. మూడింటికి సెల్లారులో దుప్పట్లు కుట్టిన తెర లేచింది. బండ్లన్నీ వీధిలోకి పోయాయి. పై అంతస్తుల వాళ్ళు కుర్చీలిచ్చారు, ఇచ్చిన కుర్చీల్లో వాళ్ళే కూర్చున్నారు. లెక్కపెడితే అరవై మంది తేలారు. గేటన్నయ్య వాలు మీద గేటు దగ్గర నిలబడి, చించడానికి టికెట్లు లేక, వచ్చినవాళ్ళ భుజాలు తడుతూ పంపుతున్నాడు. ఆయన కళ్ళల్లో పన్నెండేళ్ళ తర్వాత వెలుగు.

ఆపరేటర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. టార్చమ్మ మొహంలోనూ లేదు. తన దిగులులో తానుండి ఆయన అది గమనించలేదు. అమ్మానాన్నలు పొద్దున్నించి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని కూతురు మాత్రం గమనించింది. పెళ్ళిరోజున పోట్లాడుకున్నారని తేల్చుకుంది. సినిమా చూస్తే అదే సర్దుకుంటుందని ఇంకా పట్టుదలగా కుర్చీలు సర్దింది.

*

నాలుగింటికి గేటన్నయ్య మొదటి గంట కొట్టాడు. కూతురు పెట్టె తెరిచింది. ఐదో గూట్లో మూడో డిస్కు. మూడో గూడు ఖాళీ.

"అరెరే, కంపెనీవాడు ఎంత పని చేశాడు!" అన్నాడు ఆపరేటర్, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు.

"కంపెనీవాడేంటి నాన్నా? మూడోది మనం రెండు వారాల కింద దాని గూట్లోంచే తీసి చూశాంగా. ఇది ఎవరో మార్చారు." ఆ పిల్ల ప్రొజెక్టరు వైపు తిరిగింది. "ఇదేంటి! దీని కరెంటు వైరేది? మధ్యాహ్నం నా చేతులతో పెట్టా!"

ఆపరేటర్ కూడా ఉలిక్కిపడ్డాడు. డిస్కు సంగతి తనకు తెలుసు. వైరు ఎవరు తీశారు?

"దొంగ పడ్డాడు!" అని గేటన్నయ్య గేటు మూసేశాడు. "ఒక్కరూ కదలడానికి లేదు. ముప్పయ్యేళ్ళు టికెట్లేనివాణ్ణి వాసన చూసి పట్టినవాణ్ణి నేను!"

భవనం కమిటీ ప్రెసిడెంటు ముందు వరసలోంచి లేచాడు. సొంత కుర్చీ, దాని మీద సొంత మెత్త. "వెతకడం ఎందుకండీ? అన్ని ఇళ్ళల్లోకీ వెళ్ళొచ్చేది ఒక్కతే," అని గోడ పక్కన నిలబడ్డ మనిషి వైపు వేలు చూపించాడు. రోజూ మెట్లు ఊడ్చే ఆమె. పని ముగించుకుని ఇంటికెళ్ళబోతూ సినిమా అంటే ఆగింది. కూర్చోమని ఆమెకు ఎవరూ కుర్చీ చూపించలేదు. ఎక్కడ ఏ వస్తువు పోయినా ముందు విప్పించేది ఊడ్చేవాళ్ళ సంచే. దానికి సాక్ష్యం అక్కర్లేదు, చీపురు చాలు.

"నేను మధ్యాహ్నం నుంచి పై మెట్ల మీదే ఉన్నానయ్యా," అంది ఆమె.

"అయితే సంచి చూపించడానికి భయమేంటి?"

"ముందు మీ జేబులు చూపించండి సార్. దగ్గరగా కూర్చుంది మీరేగా," అంది లిఫ్టు మెకానిక్, స్క్రూడ్రైవరు తిప్పుతూ. సెల్లారులో గోల మొదలైంది. ఊడ్చే ఆమె సంచి ముడి విప్పుతోంది.

ఆపరేటర్ ఆ చేతుల్ని చూశాడు. కాపురం కూలితే కూలనీ. "ఆగండి! ఎవరూ ఆమె సంచి ముట్టుకోవద్దు! నేనిప్పుడే వస్తా," అని లిఫ్టులో దూరాడు. లిఫ్టు నాలుగో అంతస్తుకు పోతుంటే, తన వెనకే "నేనూ ఇప్పుడే వస్తా, ఆమెనేమీ అనకండి!" అని ఇంకో గొంతు అరవడం, మెట్ల మీద చెప్పుల చప్పుడు టపటపమనడం ఆయనకు వినబడలేదు.

వంటింట్లోకి పోయి పిండి డబ్బాలో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టాడు. డిస్కు దొరకలేదు. సన్నగా, పొడుగ్గా ఏదో తగిలింది. లాగాడు. వస్తోంది. ఇంకా లాగాడు. ఇంకా వస్తోంది. నల్లటి వైరు, తెల్లటి పిండి రాలుస్తూ బయటికొచ్చింది.

"ఆ డబ్బాలో నీకేం పని?"

గుమ్మంలో టార్చమ్మ. రొప్పుతోంది.

"నాది డిస్కు," అన్నాడు ఆపరేటర్. "ఇది?"

"నాది," అంది టార్చమ్మ.

ఇద్దరూ డబ్బాలోకి తొంగి చూశారు. కింద సెల్లారులో అరవై మంది కాళ్ళతో నేల తన్నడం మొదలుపెట్టారు. బొమ్మ ఆగితే హాల్లో తన్నినట్టే.

"నేను నిన్ను మోసం చేశానే," అన్నాడు ఆపరేటర్. ఇక ఆగలేదు. నంబరు చూసుకోకపోవడం, చుక్క రాకపోవడం, చెయ్యి అడ్డం పెట్టడం, సమాప్తం కత్తిరించడం, అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాడు. "అసలు సినిమాలో వాడు తిరిగి రాడే. నువ్వు నా కోసం కూర్చున్నావు చూడు, అది ఉత్త నా తప్పు మీద కూర్చున్నావు."

టార్చమ్మ నోరు తెరుచుకుని వింది. "చెయ్యి అడ్డం పెట్టింది నువ్వా! నేను కరెంటు పోయిందనుకున్నానే!"

"అదా నీకు ముఖ్యం?"

"ఆ డబ్బాల మూతలు మార్చింది నేనయ్యా."

ఆపరేటర్ చేతిలోంచి వైరు జారి నేల మీద పడింది.

"నీకంటే ముందే చూశా ఆ సినిమా. పక్క ఊళ్ళో మా పెద్దమ్మ వాళ్ళింటికి పోయినప్పుడు. మూడు రోజులు అన్నం సయించలేదు. వారం తిరక్కుండా అవే డబ్బాలు మన హాలుకొచ్చాయి. సినిమా ఎత్తేసిన మర్నాడు నీ ప్రయాణం. రోజుకి మూడు ఆటలు, ఏడు వారాలు, రైలెక్కి తిరిగిరానివాణ్ణే చూస్తూ కూర్చుంటే నీకు లేనిపోని ఆలోచనలు రావూ? అందుకని ఆరో మూత ఏడుకి, ఏడో మూత ఆరుకి పెట్టేశా. నువ్వు రీలు మీద నంబరు చూస్తావని టీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డా. అంతకుముందు ఏనాడైనా నీకు టీ తెచ్చానా?"

ఆపరేటర్ ఆలోచించాడు. తేలేదు. నిజానికి ఆ తర్వాత కూడా ఎప్పుడూ తేలేదు.

"అంటే నన్ను నమ్మలేదన్నమాట."

"నిన్ను నమ్మాను. రైలునే నమ్మలేదు," అంది టార్చమ్మ. "ప్రతి గొడవకీ ఆ సినిమా ఎందుకెత్తేదాన్ననుకున్నావ్? నువ్వు తిరిగొచ్చే రకమని నీకు గుర్తుచేస్తుండాలిగా! ఇవాళ అసలు ముగింపు చూస్తావని పొద్దున్నించి నా ప్రాణం గిలగిలా కొట్టుకుంటోంది."

"నేను సినిమా చూసి తిరిగొచ్చానటే? మొదటి స్టేషన్లోనే దిగిపోదామనుకున్నా. కొన్న టికెట్టు దండగవుతుందని దిగలేదు."

"మరి నేను మాత్రం సినిమా చూసి కూర్చున్నానా? దాని అసలు ముగింపు తెలిసి కూడా కూర్చున్నదాన్ని!"

ఈ మాట చెవిన పడి, బుర్రకెక్కి, గుండెలోకి దిగడానికి ఆపరేటర్‌కు కొంచెం సమయం పట్టింది. తారుమారైన డబ్బాల మీద ఏమీ నిలబడి లేదు. నలభై ఏళ్ళు ఊరికే భయపడ్డాడు. నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆయన కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా పిండి చేసుకున్నాడు. కింద నేల తన్నులు ఎక్కువయ్యాయి.

టార్చమ్మ డబ్బా అడుగు నుంచి డిస్కు తీసి, సంచి విప్పి, ఊదింది. "పద. అరవై మంది. గేటన్నయ్య నలభై ఏళ్ళుగా ఆ టోపీ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడేది వేస్తావ్? అసలుదా, మనదా?"

"ఇక్కడ రెండో మిషను లేదన్నావుగా."

"మిషను లేకపోతే ఏం? నువ్వున్నావుగా."

*

ఇద్దరూ మోచేతుల దాకా తెల్లగా సెల్లారులో దిగారు. "డిస్కు తీసింది నేను," అన్నాడు ఆపరేటర్, ప్రెసిడెంటు మొహంలోకి చూస్తూ. "వైరు తీసింది నేను," అంది టార్చమ్మ. ఎందుకు తీశారో ఇద్దరూ చెప్పలేదు. పెళ్ళిరోజు అలకలని జనమే అల్లేసుకుని నవ్వారు. టార్చమ్మ నేరుగా గోడ దగ్గరికెళ్ళి, ఊడ్చే ఆమె సంచి ముడి తన చేతులతో మళ్ళీ వేసి, చెయ్యి పట్టుకుని, పాత టార్చి వెలిగించి దారి చూపిస్తూ తీసుకొచ్చి ముందు వరసలో మెత్త ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రెసిడెంటు నిలబడి చూశాడు.

గేటన్నయ్య చివరి గంట కొట్టాడు. బొమ్మ పడింది.

ఆపరేటర్ కూర్చోలేదు. ప్రొజెక్టరు పక్కన రిమోటు పట్టుకుని నిలబడ్డాడు. ఐదో రీలు చివర చుక్క మెరిసింది. పన్నెండేళ్ళ తర్వాత ఆ చుక్కకు మళ్ళీ ఒక పని పడింది. రెండో చుక్కకు మీట నొక్కాడు. తోటను దాటించి తిన్నగా స్టేషన్లో దింపాడు. ఉత్త తలతో హీరో రైలెక్కాడు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద అమ్మాయి ఒక్కతే మిగిలింది. సెల్లారంతా ముక్కులు చీదుతోంది. కింది నుంచి అక్షరాలు లేవబోతున్నాయి. ఆపరేటర్ అద్దం ముందు అరచెయ్యి పెట్టాడు. చీకటి. ఒక ఈల. మీట వెనక్కి. తోట.

గేటు తోసుకుని టోపీ హీరో వచ్చాడు. సెల్లారు లేచి నిలబడింది. "చూశారా కొత్త టోపీ! కష్టపడ్డవాడి టోపీ!" అని గేటన్నయ్య ఏడుస్తూ అరిచాడు. ముందు వరసలో ఊడ్చే ఆమె రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. తోట చివర చుక్క మెరవగానే అరచెయ్యి మళ్ళీ పడింది. టార్చమ్మ తలుపు దగ్గర దీపం వెలిగించి, "అయిపోయింది, నెమ్మదిగా పదండి, మెట్లు చూసుకోండి," అంది. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంటోంది. ఆపరేటర్ జానెడు కిటికీ లేకుండా, గోడ అడ్డం లేకుండా, ఆ మొహాన్ని మొదటిసారి దగ్గర్నించి చూశాడు.

జనం వెళ్ళాక కూతురు వైరు మీద పిండి తుడుస్తూ, డిస్కు పెట్టె వెనక అచ్చువేసిన కథ చదివింది. ఇంకోసారి చదివింది. నుదురు ముడిచింది.

"అమ్మా, ఇదేంటి, ఇక్కడ కథ తిరగేసి రాశారు! ముందు తోట, తర్వాత రైలంట!"

టార్చమ్మ టార్చి ఆర్పింది. "డబ్బాల మీద నంబర్లు సరిగ్గా చూసుకుని ఉండర్లే," అంది.